ఇంటీరియర్ పాడ్‌కాస్ట్ వెనక 41,300 రూపాయల కోర్సు: కట్టే ముందు ఇది చదవండి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, ఇచ్ఛాపురం చుట్టుపక్కల ఇంటీరియర్ పని చేసుకునే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా నాలాగా ఇంటి ముందు గదినే ఆఫీసు చేసుకుని ఒక్కరే నెట్టుకొస్తున్న అక్కచెల్లెళ్ల కోసం. ఆ కోర్సు అమ్మిన పాడ్‌కాస్ట్ వాళ్ల పేరు రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది, ఇప్పుడే పేరు పెట్టొద్దని లాయరు గారు చెప్పారు. పేరు లేకపోయినా, వాళ్ల పాడ్‌కాస్ట్ విన్నవాళ్లకి రెండు పేరాల్లో అర్థమైపోతుంది లెండి.

పాడ్‌కాస్టులు దండగ అని మాత్రం నేను అనను. రెండేళ్లుగా వింటున్నాను. రాత్రి వంటగది డ్రాయింగులు గీసేటప్పుడు చెవిలో ఏదో ఒకటి మోగుతూ ఉండాల్సిందే. అమెరికాలో కిటికీ కర్టెన్లు, బ్లైండ్ల వ్యాపారం చేసే లూఆన్ నిగారా అనే ఆవిడ 2016లో 'ఎ వెల్ డిజైన్డ్ బిజినెస్' మొదలుపెట్టారు. వందల ఎపిసోడ్లు, వినడానికి పైసా కట్టక్కర్లేదు. డెనిస్ స్కలీ మాట్లాడే 'బిజినెస్ ఆఫ్ హోమ్' కూడా అంతే. అక్కడి డిజైనర్లు ఫీజు గురించి, మొండి క్లయింట్ల గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకుంటారు. పని మొదలుపెట్టే ముందు కాగితం మీద ఒప్పందం రాసుకోవాలని, ఎన్నిసార్లు డ్రాయింగ్ మారుస్తామో అందులోనే పెట్టాలని నేను అక్కడే నేర్చుకున్నాను. ఆ ఒక్క అలవాటుతో కిందటేడు నా టెన్షన్ సగం తగ్గింది.

కానీ అందులో చాలా మాటలు మన ఊళ్లో పనికిరావు. అక్కడ డిజైనరు ట్రేడ్ డిస్కౌంట్‌కి, అంటే ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి షాపు ఇచ్చే తగ్గింపు ధరకి, సామాను కొని, దాని మీద తన మార్జిన్ వేసుకుని క్లయింటుకి ఇస్తారు. గంటకి ఇంత అని ఫీజు తీసుకుంటారు. మన దగ్గర క్లయింటు తన మేస్త్రిని తనే తెచ్చుకుంటాడు. ప్లైవుడ్ షాపు ఇచ్చే కమీషన్ మేస్త్రి జేబులోకి పోతుంది. మనం డ్రాయింగ్ చేతిలో పెడితే "గీతలు గీసినందుకు కూడా డబ్బులా అమ్మా?" అంటారు. గోపాలపూర్ వైపు ఉప్పు గాలి, మామూలు హింజులు తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించండి అని మనం చెబుతుంటే, పక్కన నిలబడిన మేస్త్రి ఒడియాలో ఏదో గొణుగుతాడు. అంతే, క్లయింటు మనసు మారిపోతుంది. సింకు కింద నీటికి తట్టుకునే ఐఎస్ 710 (మెరైన్) ప్లైవుడ్ ఎందుకో, మామూలు వాడకానికి చేసే ఐఎస్ 303 ఎందుకు చాలదో చెప్పడానికి నాకు గంట పడితే, "అన్నీ ఒకటే" అనడానికి ఆయనకి అర నిమిషం చాలు.

సరిగ్గా ఈ పుండు మీదే ఆ పాడ్‌కాస్ట్ వాళ్లు వేలు పెట్టారు. 'చిన్న ఊళ్ల డిజైనర్లు మేస్త్రి చేతిలోంచి క్లయింటుని ఎలా తెచ్చుకోవాలి' అనే ఎపిసోడ్. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. నిజం చెప్పాలంటే బాగుంది. ఇంకో నాలుగు విన్నాను, అవీ బాగున్నాయి. ప్రతి ఎపిసోడ్ చివర ఒకటే మాట: అసలు రహస్యం వెబినార్‌లో చెప్తాం, 99 రూపాయలే.

99 రూపాయలే కదా అని చేరాను. రెండు గంటలు సాగింది. అందులో గంటంబావు వాళ్ల కార్లు, వాళ్ల దుబాయ్ ట్రిప్పు. మర్నాడు ఒకమ్మాయి జూమ్ కాల్ చేసింది. 12 వారాల ప్రోగ్రామ్, సభ్యులకి మాత్రమే వినిపించే ప్రైవేట్ పాడ్‌కాస్ట్ 24 ఎపిసోడ్లు, వాళ్ల షోలో గెస్టుగా నాది ఒక ఎపిసోడ్, 'క్వాలిఫైడ్ లీడ్స్', అంటే నిజంగా పని చేయించుకునే క్లయింట్ల నంబర్లు, కనీసం 15. అసలు ధర 75,000 అట, కాల్ పెట్టేసేలోపు కడితే 35,000 అట. మా ఆయన పక్కనే కూర్చుని వద్దు వద్దని చెయ్యి ఊపుతూనే ఉన్నారు. నేను చూడనట్టే ఉండి యూపీఐలో కట్టేశాను. 35,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 6,300. మొత్తం 41,300.

ఆ జీఎస్టీ దగ్గరే నాకు బుద్ధి రావాల్సింది. రసీదు వచ్చింది, పన్ను అంకె ఉంది, జీఎస్టీ నంబరు మాత్రం లేదు. రెండు వారాలు అడిగితే ఒక నంబరు పంపారు. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు ఉంటాయి, మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెప్తాయి. ఒడిశాకి 21, ఆంధ్రాకి 37, తెలంగాణకి 36. తాము బెంగళూరు వాళ్లమని చెప్పుకున్నారు, అంటే 29 ఉండాలి. వాళ్లు పంపింది 27, మహారాష్ట్రది. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే ఎవరైనా నంబరు కొట్టి చూసుకోవచ్చు. నేను కొట్టాను. రిజిస్ట్రేషన్ రద్దయిందని వచ్చింది. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు జీఎస్టీ పేరుతో పైసా వసూలు చేయకూడదు. మరి నా 6,300 ఏ ఖజానాకి పోయినట్టు? కట్టక ముందు ఆ రెండు నిమిషాల పని చేసి ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు.

ప్రైవేట్ పాడ్‌కాస్ట్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. తొమ్మిది ఎపిసోడ్లు విని మానేశాను. ఊరికే దొరికే అమెరికా పాడ్‌కాస్టుల సంగతులే, డాలర్లు కూడా మార్చకుండా. ఒక దాంట్లో 'మీ ఊరి డిజైన్ సెంటర్‌కి వెళ్లి ట్రేడ్ అకౌంట్ తెరవండి' అన్నారు. మన బడాబజారులో ఏ షాపుకి వెళ్లి తెరవాలో మరి.

ఇక గెస్టు ఎపిసోడ్. నలభై నిమిషాలు మాట్లాడించుకున్నారు. మా నాన్నగారి వడ్రంగం గురించి, తుఫాను తర్వాత ఉబ్బిపోయిన తలుపుల గురించి చాలా చెప్పాను. వచ్చింది పదకొండు నిమిషాలు, అందులో నాలుగు వాళ్ల ప్రకటన. 'మొదటి వారంలోనే 10,000 డౌన్‌లోడ్లు' అని స్క్రీన్‌షాట్ పంపారు. అదే ఎపిసోడ్‌కి యూట్యూబ్‌లో 61 వ్యూస్. అందులో సగం మా పిన్నివే అయి ఉంటాయి. ఇక్కడ ఒక సంగతి తెలుసుకోండి. యూట్యూబ్ వ్యూస్ అందరికీ కనిపిస్తాయి, ఆడియో డౌన్‌లోడ్ల లెక్క మాత్రం షో నడిపేవాళ్ల హోస్టింగ్ ఖాతాలోనే ఉంటుంది. బయటివాళ్లం చూడలేం. పైగా డౌన్‌లోడ్ అంటే విన్నట్టు కాదు. ఫోన్‌లో యాప్ తనంతట తను దించుకుని పడేసినా అది లెక్కలోకి వస్తుంది. స్క్రీన్ షేర్ పెట్టి ఆ ఖాతా మా కళ్ల ముందే తెరవండి అని అడిగాను. 'పాలసీ ఒప్పుకోదు' అన్నారు.

అసలు కథ లీడ్స్‌ది. 15 అన్నవాళ్లు 17 నంబర్లు పంపారు. చూడగానే సంతోషపడ్డాను కూడా. నాలుగు నంబర్లు పనిచేయడం లేదు. ఐదుగురు హైదరాబాదు, పుణె వైపు వాళ్లు, ఎప్పుడో మాడ్యులర్ కిచెన్ లక్కీ డ్రాకి ఫారం నింపారట. ముగ్గురు ఇంటర్న్‌షిప్ కావాలన్న పిల్లలు. ఒకాయన నాకే లామినేట్లు అమ్మబోయాడు. ఇద్దరు పేరు చెప్పగానే పెట్టేశారు. మిగిలింది రెండు.

అందులో ఒకావిడది శ్రీకాకుళం. నేను ఫోన్ చేసేలోపే ఆవిడే చేశారు. సంబరపడిపోయాను, క్లయింటే మనల్ని వెతుక్కుంటూ వచ్చిందని. "నమస్తే అండీ, త్రీ బీహెచ్‌కే పని గురించి" అన్నారు. "చెప్పండి మేడం, మీ బడ్జెట్ ఎంత అనుకుంటున్నారు?" అన్నాను. "నా బడ్జెట్ ఏటండీ, మీ ఇల్లు ఎన్ని చదరపు అడుగులో చెప్పండి ముందు" అన్నారావిడ. అద్దె ఇల్లు కాబోలు, కొలతలు తెలియవు కాబోలు అనుకుని నేను సైటు చూడ్డానికి ఎప్పుడు రమ్మంటారని అడిగాను. ఆవిడ కూడా ఎప్పుడు రమ్మంటారని అడిగారు. పది నిమిషాలు ఇద్దరం ఒకరి ఇంటికి ఒకరం వస్తామని మర్యాదగా పోటీ పడ్డాం. ఆఖరికి ఆవిడే ఆగి, "ఏటమ్మా, నువ్వు గానీ ఆ కోర్సులో చేరావేటి?" అన్నారు.

ఆవిడకి పంపిన లీడ్స్‌లో నా నంబరు ఉంది. నాకు పంపినవాటిలో ఆవిడది. ఇద్దరం కలిపి 82,600 కట్టి ఒకరికొకరం క్లయింట్లమయ్యాం. చాలాసేపు నవ్వుకున్నాం, తర్వాత ఆవిడ ఏడ్చారు. గాజులు తాకట్టు పెట్టి కట్టారట. మిగిలిన రెండో నంబరుకి భయం భయంగా ఫోన్ చేశాను. ఆయన విజయనగరం డిజైనరు.

డబ్బు వాపసు అడిగాను. 'నచ్చకపోతే 30 రోజుల్లో రిఫండ్' అని జూమ్‌లో ఆ అమ్మాయి చెప్పింది. ఒప్పందంలో మాత్రం 12 హోంవర్కులూ గడువులోగా పంపితేనే రిఫండ్ అని ఉంది. 12 వారాల కోర్సులో 12 హోంవర్కులు 30 రోజుల్లో ఎలా పూర్తవుతాయో దేవుడికే తెలియాలి. తర్వాత ఎనిమిది వేలు ఇస్తాం, మీరు పెట్టిన రివ్యూ తీసేయండి అన్నారు. తీయలేదు.

1915కి ఫోన్ చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఫిర్యాదు ఆ కోర్సు వాళ్లకి చేరాక వాళ్ల నుంచి వచ్చిన జవాబు: 'మీరు వ్యాపారం కోసం కొన్నారు, మీరు వినియోగదారులే కారు'. ఈ మాటకి చాలామంది వెనక్కి తగ్గుతారు, నేనూ తగ్గేదాన్నే. లాయరు గారు చూపించారు: 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, కేవలం సొంత బతుకుతెరువు కోసం స్వయం ఉపాధిలో వాడుకోవడానికి వస్తువులు కొనేవాళ్లని 'వాణిజ్య ప్రయోజనం' లెక్కలోంచి తప్పించారు. ఒక్కరే పని చేసుకునే మనలాంటివాళ్లు ఆ మాట పట్టుకుని అడగొచ్చు. నేను కొన్నది వస్తువు కాదు, కోర్సు, కాబట్టి నా విషయంలో వినియోగదారుల కమిషన్ ఏమంటుందో చూడాలి. కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా, మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. బెంగళూరు తిరగక్కర్లేదు. ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు, రెండేళ్లలోపు వేయాలి.

ఇప్పటికే కట్టినవాళ్లు వాట్సాప్ గ్రూపులోంచి బయటికి రాకండి. వస్తే ఆ తర్వాత అందులో పెట్టే మెసేజ్‌లు మనకి కనిపించవు. ముందు చాట్ ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. లీడ్స్ ఫైలు, రసీదు, జూమ్‌లో వాళ్లు చూపించిన స్లైడ్ల ఫోటోలు దాచుకోండి. నా దగ్గర స్లైడ్ల ఫోటోలు లేవు, ఆ '30 రోజుల రిఫండ్' మాటకి రుజువు లేక ఇబ్బంది పడుతున్నాను. శ్రీకాకుళం ఆవిడ దగ్గర రికార్డింగ్ ఉంది, అదే ఇప్పుడు మా ఇద్దరికీ ఆధారం. ఇంకా కట్టనివాళ్లు, కట్టకుండా ఉండడానికి మనసు ఒప్పుకోకపోతే, కనీసం క్రెడిట్ కార్డుతో కట్టండి. బ్యాంకులో డిస్ప్యూట్ వేయడానికి ఒక దారి ఉంటుంది. నేను యూపీఐ చేశాను, బ్యాంకు వాళ్లు "మీరే పిన్ కొట్టారు కదా మేడం" అన్నారు.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఆ 17 నంబర్ల వల్ల ఒక పని దొరికింది నిజంగానే. శ్రీకాకుళం ఆవిడ బంధువులు ఇచ్ఛాపురంలో ఇల్లు కడుతున్నారు. అది తనకి దూరమని నాకు అప్పగించారు. వంటగది, పూజగది. మేస్త్రి ఈసారి నా మనిషే.

ఆ పాడ్‌కాస్ట్‌లో నిన్న కొత్త ఎపిసోడ్ వచ్చింది. వచ్చే ఆదివారం పదకొండింటికి మళ్లీ వెబినారట. ఈసారి 49 రూపాయలే.