పగిలిన లిఫ్ట్ కవర్‌కు నికెల్ రాడ్ వెల్డింగ్: నాలుగేళ్లు వాడాక

మా నాయన కొన్న ట్రాక్టర్ అది, 35 హెచ్‌పీ. కంపెనీ పేరెందుకులే, తప్పు బండిది కాదు, నాది. పలమనేరు నుంచి ఊరికి వస్తూ రోటవేటర్‌ను పూర్తిగా పైకెత్తి, గుంతల రోడ్డులో టాప్ గేర్‌లో తోలుకొచ్చాను. అంత బరువు వెనకాల ఎగిరెగిరి పడుతుంటే ఆ దెబ్బలన్నీ టాప్ లింక్ (పనిముట్టును పైనుంచి బండికి కలిపే కడ్డీ) గుండా లిఫ్ట్ కవర్‌కే, అంటే పనిముట్టును ఎత్తే హైడ్రాలిక్ మీది మూతకే తగులుతాయి. పొద్దున చూస్తే బండి వెనక నేల మీద నూనె. తుడిచి చూస్తే టాప్ లింక్ బ్రాకెట్ బోల్ట్ దగ్గర మొదలై పక్కకు పాకిన పగులు.

మొదట దగ్గర్లోని షాపులో మామూలు ఇనుప వెల్డింగ్ రాడ్‌తో అతుకు వేయించాను. గుడ్డతో నూనె తుడిచి అతికించేశారు. చల్లారుతుంటే చిటచిటమని శబ్దం వచ్చింది, నాకు అర్థం కాలేదు. పదకొండో రోజు చెనక్కాయల దుక్కిలో పాత అతుకు పక్కనే కొత్త పగులు. ఈ కవర్ బీడుది, అంటే పోత ఇనుము. బీడు సంగతే అంత. అందులో కార్బన్ ఎక్కువ, సాగే గుణం లేదు. ఒక్కచోట వేడి చేసి త్వరగా చల్లారనిస్తే అతుకు పక్కన గాజులాగా పెళుసైపోతుంది.

రెండోసారి చిత్తూరులో బీడు పని తెలిసిన ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. కవర్ దించడానికే సగం రోజు పట్టింది, చింతచెట్టు కొమ్మకు చైన్ బ్లాక్ కట్టి లేపాం. ఆయన చూసి, "ఇది నూనె తాగి ఉందయ్యా. ముందు కక్కించాల, అంతవరకు రాడ్ ముట్టను" అన్నాడు.

పగులు మీద కిరోసిన్ పూసి, ఆరేలా తుడిచి, సుద్దపొడి రుద్దాడు. లోపల దాగిన కిరోసిన్ సుద్దలోకి ఊరి, పగులు నాకు కనిపించిన దానికన్నా రెండు వేళ్లు ఎక్కువ పొడవుందని తేలింది. ఇంకా పాకకుండా రెండు కొసల్లో 3 మి.మీ. రంధ్రాలు వేశాడు. పగులు వెంబడి 'వి' ఆకారంలో గాడి తీశాడు. గ్యాస్ మంటతో మెల్లగా కాల్చేకొద్దీ నల్లగా నూనె ఊరింది. మంట, వైర్ బ్రష్, మళ్లీ మంట, ఇలా మూడుసార్లు. డబ్బులిచ్చింది దీనికే అనిపించింది, రాడ్ కొట్టడం కన్నా దీనికే ఎక్కువసేపు పట్టింది.

తర్వాత కింది ముఖం వంకరపోకుండా కవర్‌ను ఒక పాత హౌసింగ్‌కు (కవర్ కూర్చునే పెట్టెకు) బోల్టులతో బిగించి, నికెల్ రాడ్‌తో ఒక్కో అంగుళం వెల్డింగ్ కొట్టాడు. కొట్టిన వెంటనే వేడి మీదే చిన్న సుత్తితో తట్టడం, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక తర్వాతి అంగుళం. చివరికి బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేశాడు. నికెల్ అతుకు మెత్తగానే ఉంటుంది కాబట్టి పాడైన బోల్ట్ రంధ్రాన్ని మళ్లీ డ్రిల్ చేసి లోపల కొత్తగా మరలు కోయగలిగాడు.

ఈ నాలుగేళ్లలో అతుకు పగల్లేదు. రెండో ఏడు నూనె చెమర్చితే టెన్షన్ పడ్డాను, తీరా చూస్తే గ్యాస్కెట్. అతుకు ఒక కొసన మాత్రం సూదిమొనంత రంధ్రం నుంచి చెమ్మ వచ్చేది, ఎపాక్సీ పెట్టాక ఆగింది. తొమ్మిది కర్రుల కల్టివేటర్ రోజంతా లాగినా ఇబ్బంది లేదు. అయినా పైకెత్తి ఉంచిన పనిముట్టు కిందకి మొద్దు పెట్టకుండా ఎవరినీ పోనివ్వను. అతికినా, కొత్తదైనా నా దగ్గర అదే రూలు.

ఇత్తడి వెల్డింగ్ గురించి అడిగేవాళ్లుంటారు. బరువు పడని చోట ఫర్వాలేదు. కానీ ఒకసారి ఇత్తడి పూసిన చోట తర్వాత నికెల్ సరిగ్గా పట్టదు, మొత్తం అరగదీయాల్సిందే. పగులు సిలిండర్‌లోనో, లిఫ్ట్ షాఫ్ట్ తిరిగే రంధ్రంలోనో ఉంటే వెల్డింగ్ జోలికి పోవద్దు, మంచి పాత కవర్ వెతుక్కోండి.

నాకు మేస్త్రీ కూలి 4,500 అయింది. విప్పి బిగించిన మెకానిక్‌కు, కొత్త నూనెకు అంతకన్నా ఎక్కువే పోయింది. రోటవేటర్ మాత్రం మళ్లీ ఈ బండికి తగిలించలేదు. ఆ పని పడితే పక్కింటి మామ బండి అడుగుతాను. గంటకింతని తీసుకుంటాడు, బేరమాడకుండా ఇచ్చేస్తాను.