మకీటా ఎస్‌పీ6000 ట్రాక్ సా: 8×4 ప్లైవుడ్ మీద కోత ఎలా ఉంటుంది?

మన దగ్గర ప్లైవుడ్ షీటు అంటే 8×4. పొడవు 2440 ఎంఎం, వెడల్పు 1220. గట్టి కలపతో చేసిన 18 ఎంఎం షీటు 30 కిలోలు దాటుతుంది. దాన్ని ఒక్కరే టేబుల్ సా (బల్లకు బిగించిన రంపం) మీదకు ఎక్కించి తిన్నగా తోయడం అయ్యే పని కాదు. అందుకే సైట్లలో ఎక్కువమంది నాలుగంగుళాల మార్బుల్ కట్టర్‌కు చెక్క బ్లేడు బిగించి, అల్యూమినియం పట్టీ ఆనించి కోస్తారు. అందులో రెండు ఇబ్బందులున్నాయి. బేస్ అంచు నుంచి బ్లేడుకు ఉన్న దూరాన్ని ప్రతి కోతకూ లెక్కలోంచి తీసేయాలి. పైగా అది రాయి కోయడానికి చేసిన మెషిన్. పని అయ్యాక బ్లేడు లోపలికి పోదు, బయటే తిరుగుతుంటుంది.

ట్రాక్ సాలో షీటు కదలదు, రంపమే రైలు (పొడవాటి అల్యూమినియం పట్టా) మీద నడుస్తుంది. కిందికి నొక్కడం వదలగానే బ్లేడు కవర్లోకి వెళ్లిపోతుంది. ఎస్‌పీ6000 మోటారు 1300 వాట్లు, బ్లేడు 165 ఎంఎం, దాని మధ్య రంధ్రం (బోరు) 20. నిటారుగా 56 ఎంఎం లోతు వరకు, 45 డిగ్రీల వాలులో 40 వరకు కోస్తుంది. వార్డ్‌రోబ్, కిచెన్ పనులకు ఇది ధారాళంగా సరిపోతుంది.

రైలు దగ్గర మాత్రం తొందరపడొద్దు. 1.4 మీటర్ల రైలు అడ్డ కోతలకు సరిపోతుంది. నిలువునా 2440 కోయాలంటే అలాంటివి రెండు కలపాలి. బ్లేడు షీటును తాకకముందే మెషిన్ పూర్తిగా రైలు మీద కూర్చోవాలి, బయటికి వచ్చాక కూడా కాస్త దూరం నడవాలి. రెండూ కలిపిన 2800 సరిగ్గా సరిపోతుంది, మిగిలేది ఉండదు. 3 మీటర్ల ఒకే రైలు దొరుకుతుంది, కోతకు అదే మేలు. కానీ అది అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టదు.

రెండు రైళ్లు కలిపేటప్పుడు చివరలు గట్టిగా ఆనించి బిగించడం చాలామంది చేసే తప్పు. చివరలు ఫ్యాక్టరీలో పక్కా మూలమట్టంగా కోసి ఉండకపోతే ఆ వంకరే అతుకులోకి వస్తుంది. మధ్యలో 1 ఎంఎం సందు వదలండి. పక్కన పొడవాటి తిన్నటి అల్యూమినియం పట్టీ ఆనించి, అప్పుడు కనెక్టర్ స్క్రూలు బిగించండి. అతుకు దగ్గర అర ఎంఎం తేడా ఉన్నా తలుపు రెక్కకు ఎడ్జ్ బ్యాండ్ (అంచును కప్పే పట్టీ) టేపు వేశాక కంటికి కనిపిస్తుంది.

రైలు అంచున ఉండే నల్ల రబ్బరు పట్టీయే ఈ పద్ధతికి ప్రాణం. కొత్తగా వచ్చినప్పుడు అది కాస్త బయటికి పొడుచుకుని ఉంటుంది. పనికిరాని ముక్క మీద రైలు క్లాంప్ చేసి, ఆపకుండా ఒకే నడకలో ఆ పట్టీని కోయాలి. అప్పటి నుంచి పట్టీ అంచు ఎక్కడుంటే కోత అక్కడే. పెన్సిల్ గీత మీద పట్టీ అంచు పెడితే చాలు, కూడికలు తీసివేతలు ఉండవు. వేరే మందం బ్లేడు వేస్తే పట్టీ మళ్లీ చూసుకోవాలి. ఒక మెషిన్‌తో కోసిన పట్టీని ఇంకో కంపెనీ మెషిన్‌కు వాడొద్దు, రెండింటి కోత గీత ఒకచోట పడదు.

రైలు ఎప్పుడూ మనకు కావలసిన ముక్క వైపే ఉండాలి. దంతాలు కిందనుంచి పైకి లేస్తాయి కాబట్టి పెచ్చులు లేచేది పై ముఖానే. రైలు వైపు ఆ పొరను రబ్బరు నొక్కి పట్టుకుంటుంది. అవతలి వైపు నొక్కేదేమీ లేదు, అక్కడ పొర చిట్లుతుంది. సన్‌మైకా ముందే అతికించిన షీటైతే స్కోరింగ్ స్టాప్ వాడండి: మొదటి నడక 2–3 ఎంఎం లోతున, రెండోది పూర్తి లోతున.

బ్లేడు 2.2 ఎంఎం తింటుంది. దీన్ని మరిస్తే చివరి ముక్క పొట్టిగా వస్తుంది. 2440ని నాలుగు సమాన ముక్కలు చేయాలంటే ఒక్కోటి 610 రాదు, 608.3 వస్తుంది. 1220లోంచి 600 పట్టీలు రెండు కావాలనుకోండి. ముందు ఫ్యాక్టరీ అంచు 5 ఎంఎం తీసేయండి, ఆ అంచు రవాణాలో దెబ్బతిని ఉంటుంది. 1215 మిగులుతుంది. రెండు పట్టీలు, రెండు కోతలు పోగా చివర 10.6 ఎంఎం పుల్ల వస్తుంది.

షీటు మూలలు సరిగ్గా 90 ఉంటాయని నమ్మి మొదలుపెట్టకండి. 300 ఎంఎం గునియా (మూల చూసే కొలబద్ద) అర ఎంఎం తప్పితే 1220 దూరంలో ఆ తప్పు 2 ఎంఎం అవుతుంది. మూల నుంచి ఒక అంచున 900, రెండో అంచున 1200 గుర్తు పెట్టండి. ఆ రెండింటి మధ్య 1500 వస్తేనే మూలమట్టం. కోశాక కర్ణాలు కొలవండి: 2100×600 తలుపు రెక్కకు రెండూ 2184 దగ్గర ఉండాలి, మధ్య తేడా 1 ఎంఎం లోపు ఉండాలి.

షీటు కింద 50 ఎంఎం ఫోమ్ బోర్డు పూర్తిగా పరవడం అన్నిటికన్నా మంచిది. బ్లేడు షీటు కింద 3 నుంచి 5 ఎంఎం దిగితే చాలు. రైలు మందం దాదాపు 5 కాబట్టి 18 ఎంఎం షీటుకు లోతు 26–28 వస్తుంది. ముందు ఒక ముక్క కోసి, కింద ఎంత దిగిందో టేపుతో చూసుకోండి. అవసరానికి మించి దింపితే దంతాలు మరీ నిలువుగా పైకి లేచి పై పొరను ఎక్కువ చీలుస్తాయి.

ఈ మెషిన్‌లో లోటు అనిపించేది ఒకటే, బ్లేడు వెనక కోత మూసుకోకుండా విడదీసి ఉంచే కత్తి (రైవింగ్ నైఫ్) లేదు. పొరల్లో ఒత్తిడి ఉన్న షీటు కోసే కొద్దీ మూసుకుని బ్లేడును పట్టేస్తుంది, మెషిన్ వెనక్కి తంతుంది. సగం మీటరు కోయగానే మెషిన్ ఆపి, బ్లేడు నిలిచాక 1 ఎంఎం సన్‌మైకా ముక్కలు రెండు కలిపి ఆ సందులో దూర్చండి. 2.2 సందులో 2 ఎంఎం చక్కగా కూర్చుంటుంది. షీటు మధ్యలో కోత మొదలుపెట్టాల్సి వస్తే మెషిన్ వెనక రైలుకు ఒక క్లాంప్ అడ్డం బిగించకుండా బ్లేడు దింపొద్దు.

వాలు కోతల్లో మాత్రం మకీటా మార్కులు కొట్టేస్తుంది. 45 డిగ్రీల్లో మోటారు బరువుకు మెషిన్ రైలు మీంచి ఒరిగిపోతుంటుంది. ఇందులో బేస్ మీద ఉన్న చిన్న మీట తిప్పితే రైలు పెదవి కిందకి కొక్కెం వెళ్లి పట్టుకుంటుంది. ఫెస్టూల్ కంపెనీ రైలు మీద ఈ మెషిన్ నడుస్తుంది కానీ ఈ కొక్కెం అక్కడ పనిచేయదు.

నడకలో ఊగులాట ఉంటే బేస్ మీది రెండు సర్దుబాటు స్క్రూలు చూడండి. వదులైతే కోత గీత అలలు పోతుంది, మరీ బిగిస్తే తోయడం బరువై మధ్యలో ఆగుతారు, ఆగినచోట అంచు నల్లగా కాలుతుంది. రైలు జారుతుంటే కింది రబ్బరుకు పట్టిన పొట్టును తడిగుడ్డతో తుడవండి. పొడవాటి కోతకు క్లాంపులు తప్పనిసరి, అవి విడిగా కొనాలి.

ఒకే ఒక కిచెన్ చేయించుకునేవారు దీన్ని కొనక్కర్లేదు, ప్యానెల్ సా (షీట్లు కోసే పెద్ద మెషిన్) ఉన్న షాపులో కోయించుకుంటే చవక. నెలకు పది షీట్లు సైట్లోనే కోసేవారు మాత్రం మెషిన్‌తోపాటే 48 పళ్ల బ్లేడు ఇంకొకటి తీసుకోండి. 710 గ్రేడు (నీటిని తట్టుకునే మెరైన్ ప్లై) షీట్లలోని ఫినాలిక్ జిగురు పళ్లను త్వరగా మొద్దు చేస్తుంది. కోత వాసన మారి, తోయడానికి బలం ఎక్కువ పడుతోందంటే బ్లేడు సానకు ఇవ్వాల్సిన రోజు వచ్చినట్టే.