ఏడేళ్లు, పద్నాలుగు నోటుబుక్కులు: చిన్న వ్యాపారిగా రోజూ డైరీ రాసిన అనుభవం

నాది చిన్న ప్రింటింగ్ ప్రెస్. నేను కాక ఇంకో ముగ్గురు పనిచేస్తారు. లేబుళ్లు, బిల్లు బుక్కులు, విజిటింగ్ కార్డులు, అప్పుడప్పుడూ చిన్న పుస్తకాలు వేస్తుంటాం. ఏడేళ్లుగా సాయంత్రం మెషిన్ ఆపాక, షట్టర్ దించే ముందు ఒక పేజీ డైరీ రాస్తున్నాను. ఇప్పటికి పద్నాలుగు నోటుబుక్కులు నిండాయి. ఇంతకాలం వాడాను కాబట్టి దీని మంచీ చెడూ చెప్పగలననిపించింది.

ముందుగా ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఇది లెక్కల పుస్తకం కాదు. ఎవరికి ఎంత ఇచ్చాం, ఎవరి దగ్గర్నుంచి ఎంత రావాలి అన్నది చూడటానికి చిట్టా, ఆవర్జా ఉన్నాయి. కానీ ఆ ఆర్డర్ ఎందుకు ఒప్పుకున్నాను, ఆ రోజు మనసులో ఏ అనుమానం ఉంది, ఎవరి మాట నమ్మి అప్పిచ్చాను అన్నది ఏ చిట్టాలోనూ ఉండదు. ప్రతి వ్యవహారాన్నీ రెండు ఖాతాల్లో రాసే జంట పద్దు విధానాన్ని 1494లోనే అచ్చు పుస్తకంలో వివరించిన ఇటలీ గణితవేత్త లూకా పాచోలి, వ్యాపారికి రెండు కాదు, మూడు పుస్తకాలు కావాలన్నాడు. చిట్టాకూ ఆవర్జాకూ ముందు ఇంకొకటి ఉండాలి. జరిగిన వ్యవహారాన్ని జరిగిన వెంటనే, జరిగింది జరిగినట్టు అందులో రాసుకోవాలి. బిల్లులూ వోచర్లూ వచ్చాక ఆ మొదటి పుస్తకం పక్కకు పోయింది. దాన్ని కొంచెం మార్చి మళ్లీ తెచ్చుకున్నానని నేను అనుకుంటాను.

నేను మొదలుపెట్టింది ఒక గొడవ వల్ల. లేబుళ్ల మీద ఆకుపచ్చ ఇంకా ముదురుగా ఉండాలని ముందే చెప్పానని ఒక కస్టమర్ అన్నారు. నాకు అలా చెప్పినట్టు గుర్తు లేదు. ఆయన ఖచ్చితంగా చెప్పానంటారు, నేను ఖచ్చితంగా వినలేదంటాను. చివరికి మొత్తం పని మళ్లీ వేసిచ్చాను. నష్టం కంటే నా జ్ఞాపకం మీద నాకే నమ్మకం లేకపోవడం ఎక్కువ బాధపెట్టింది. ఆ రాత్రే రాయడం మొదలైంది.

మొదటి ఏడాది తేదీలు అచ్చువేసిన డైరీ వాడాను. వారం రోజులు జ్వరంతో పడుకుంటే ఏడు పేజీలు ఖాళీగా మిగిలాయి, అవి చూసినప్పుడల్లా తప్పు చేసినట్టు అనిపించేది. తర్వాత ఫోన్లో యాప్. అది ఐదు నెలలు. డైరీ రాద్దామని ఫోన్ తీస్తే ముందు మెసేజ్‌లు కనిపించేవి, వాటికి జవాబిచ్చేసరికి రాయాల్సింది మర్చిపోయేవాణ్ని. ఇప్పుడు మామూలు ఏ5 సైజు నోటుబుక్కు, అంటే 148 మి.మీ. వెడల్పు, 210 మి.మీ. పొడవు, 160 పేజీలు. తేదీ నేనే వేసుకుంటాను. రోజు తప్పితే తప్పింది, మర్నాడు తర్వాతి పేజీలో మొదలుపెడతాను.

కాగితం నా వృత్తి కాబట్టి రెండు మాటలు. కాగితం మందాన్ని జీఎస్ఎంలో, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో చెబుతారు. 70 జీఎస్ఎం కాగితం మీద జెల్ పెన్నుతో రాస్తే వెనక పేజీలోకి కనబడుతుంది, కనీసం 80 జీఎస్ఎం తీసుకోండి. గమ్ బైండింగ్ వద్దు. రోజూ తెరిచి మూసే పుస్తకం కాబట్టి ఏడాది తిరిగేలోపు పేజీలు ఊడతాయి. కుట్టు బైండింగ్ అయితే బల్లమీద వెడల్పుగా తెరుచుకుంటుంది, రాసేటప్పుడు రెండో చేత్తో పట్టుకోనక్కర్లేదు.

ఇక అసలు విషయం. నా మూడో నోటుబుక్కులోని ఒక పేజీ ఇది:

"మంగళవారం. లేబుళ్లు 4,000. ప్రూఫ్ ఓకే అన్నారు, ఫోన్లోనే, సంతకం లేదు. కటింగ్ మెషిన్ బ్లేడు అంచు పోతోంది, కుడివైపు అర మిల్లీమీటరు తేడా వస్తోంది. కొత్త పార్టీ ముప్పై రోజులు అప్పు అడిగారు. సరే అన్నాను. ఇవ్వాలనిపించలేదు, కాదనడానికి మొహమాటపడ్డాను."

(ప్రూఫ్ అంటే అచ్చు వేసేముందు కస్టమర్‌కు చూపించే నమూనా.) రాసిన రోజు ఇందులో నాకేమీ ప్రత్యేకంగా కనిపించలేదు. నిజానికి మొదటి రెండేళ్లు రాసింది మళ్లీ చదవనే లేదు. రాయడంతోనే పని అయిపోయిందనుకున్నాను. అదే నేను చేసిన పెద్ద పొరపాటు. ఒకసారి చేతినిండా పని ఉన్నా జీతాలకు డబ్బు సరిపోక, ఎక్కడ ఇరుక్కుందో చూద్దామని పాత పుస్తకాలు తీశాను. 'మొహమాటం' అనే మాట ఆ మూడో నోటుబుక్కు ఒక్కదానిలోనే పంతొమ్మిది చోట్ల ఉంది. చిట్టా పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూశాను. నాకు ఆలస్యంగా వచ్చిన బాకీల్లో, అసలు రానివాటిలో ఎక్కువ భాగం ఆ పంతొమ్మిది దగ్గరే ఉన్నాయి. ఇష్టపడి ఇచ్చిన అప్పులు దాదాపు అన్నీ తిరిగొచ్చాయి. బాకీలు రావట్లేదని చిట్టా ఎప్పుడో చెప్పింది. ఇచ్చేటప్పుడే నాకు లోపల తెలుసన్న సంగతి మాత్రం డైరీయే చెప్పింది.

అప్పటినుంచి ఒకటే నియమం. అప్పు అడిగినవాళ్లకు "రేపు పొద్దున చెబుతాను" అంటాను. రాత్రి డైరీలో రాస్తాను. రాసేటప్పుడు చెయ్యి ఆ మాట దగ్గరకు వస్తే పొద్దున కాదంటాను. ఇది చాలా చిన్న మార్పు, కానీ నెలాఖరు టెన్షన్ సగానికి తగ్గింది. మూడు నెలలకోసారి కూర్చుని వెనక్కి చదవడం కూడా అప్పుడే మొదలైంది.

లామినేషన్ మెషిన్ సంగతి ఇంకోటి. అది కొన్నాక బాగా కలిసొచ్చింది. "మొదట్నుంచీ నాకు నమ్మకమే" అని ఎంతోమందికి చెప్పాను, అబద్ధం చెబుతున్నానని అనుకోలేదు. తర్వాత ఆ నెల పేజీలు చదివితే "రెండు రాత్రులు నిద్ర లేదు, సగానికి సగం అవకాశం, బయట చేయించుకోవడమే మేలేమో" అని నా చేతిరాతే ఉంది. ఫలితం తెలిశాక మన పాత అంచనాను మనకు తెలియకుండానే మార్చేసుకుంటామని బారూక్ ఫిష్‌హాఫ్, రూత్ బేత్ అనే పరిశోధకులు 1975లో చూపించారు. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా, సోవియట్ యూనియన్ వెళ్లేముందు ఏమేం జరగొచ్చో విద్యార్థులతో అంచనాలు వేయించారు, తర్వాత ఆ అంచనాలనే గుర్తుచేసుకోమన్నారు. జరిగిన సంఘటనల విషయంలో తాము మొదట్లో చెప్పినదానికంటే ఎక్కువ అవకాశం చెప్పినట్టు చాలామంది గుర్తుచేసుకున్నారు. నాకూ జరిగింది అదే. తేడా ఏమిటంటే నా దగ్గర పేజీ ఉంది.

అది చదివాక తర్వాతి మెషిన్ కొనేముందు, ఆరు నెలల్లో దాని మీద ఎన్ని జాబులు రావాలో, రాకపోతే ఏం చెయ్యాలో ముందే రాసి తేదీ వేశాను. ఆరు నెలలకు అందులో సగం జాబులే వచ్చాయి. అమ్మేశాను. రాసిపెట్టకపోయి ఉంటే "ఇంకో ఆరు నెలలు చూద్దాం" అని తప్పకుండా ఉంచుకునేవాణ్ని.

ఇప్పుడు చెప్పేది రాయడానికి కష్టంగా ఉంది. బైండింగ్ టేబుల్ దగ్గర ఐదేళ్లు పనిచేసిన కుర్రాడు ఒకరోజు "అన్నా, వచ్చే నెల నుంచి రాను" అన్నాడు. నాకు కాళ్లకింద నేల కదిలినట్టయింది. ఉన్నట్టుండి ఇలా ఎందుకు చేశాడని ఇంట్లో కూడా బాధపడ్డాను. వారం తర్వాత డైరీ తిరగేస్తే, పదకొండు నెలల్లో మూడుసార్లు అతని పేరు కనిపించింది. మూడుచోట్లా ఒకటే సంగతి. "ఆఫ్‌సెట్ మెషిన్ నేర్చుకుంటానని అడిగాడు. పని తగ్గాక చూద్దామన్నాను." అతను ఉన్నట్టుండి వెళ్లలేదు. మూడుసార్లు అడిగి, మూడుసార్లూ నా జవాబు విని వెళ్లాడు. విన్నాను, రాశాను, అక్కడితో వదిలేశాను. ఫోన్ చేసి ఆ మాటే అతనికి చెప్పాను. కోపం లేదన్నాడు. అప్పటికే వేరేచోట మెషిన్ మీద కుదిరిపోయాడు.

ఆ తర్వాత ప్రతి నోటుబుక్కులోనూ చివరి రెండు పేజీలకు "అడిగినవి" అని పేరు పెడుతున్నాను. పనివాళ్లు, కస్టమర్లు, కాగితం సప్లై చేసేవాళ్లు ఎవరు ఏది అడిగినా ఒక వరుస అక్కడ కూడా రాస్తాను. ప్రతి శనివారం ఆ పేజీలు చూస్తాను. ఈ డైరీలో ఒక్క భాగమే ఉంచుకోమంటే ఆ రెండు పేజీలే ఉంచుకుంటాను.

పేజీలో ఏం రాయాలన్నదానికి నాకు పెద్ద పద్ధతి లేదు. రెండు వరుసలు మాత్రం తప్పనివ్వను. ఒకటి, ఈరోజు ముందుకు కదిలిన పని. నాలుగో ఏడాది కొన్ని నెలలు డైరీ అంతా ఫిర్యాదులే. చదువుతుంటే నా ప్రెస్ మీద నాకే విసుగొచ్చింది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యురాలు తెరెసా అమాబిలే బృందం 7 కంపెనీల్లో 238 మంది రాసిన దాదాపు 12,000 రోజువారీ డైరీ రాతలు పరిశీలించింది. మనసుకు పట్టిన పనిలో కొంచెమైనా ముందుకు కదిలామన్న రోజే మనిషి ఎక్కువ ఉత్సాహంగా ఉంటాడని వాళ్లకు తేలింది. అది తెలిశాక ఈ వరుస మొదలుపెట్టాను. "కొత్త ప్లేట్లు మొదటిసారే సరిగ్గా కూర్చున్నాయి" అన్నంత చిన్నదైనా సరే. రెండోది, రేపు పొద్దున చేయాల్సిన మూడు పనులు. 2018లో అచ్చయిన ఒక అధ్యయనంలో పడుకునేముందు ఐదు నిమిషాలు రాబోయే పనులు రాసుకున్నవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్లకంటే సగటున 9 నిమిషాలు ముందు నిద్రపోయారు. పాల్గొన్నది 57 మందే కాబట్టి అందరికీ అంతే అనను. నా మటుకు నాకు, రాత్రి పన్నెండింటికి లేచి కాగితం ఆర్డర్ పెట్టానా లేదా అని ఆలోచించే అలవాటు పోయింది.

లోపాలూ ఉన్నాయి. రోజుకు పదిహేను నిమిషాలు పడుతుంది. పద్నాలుగు గంటలు నిలబడ్డ రోజున ఆ పదిహేను నిమిషాలు చాలా బరువు. ఏదైనా వెతకాలంటే కష్టం. మొదటి పేజీలో పేజీ నంబర్లతో విషయసూచిక రాసుకుంటున్నా, రాయడం మర్చిపోయినవి దొరకవు. ఇంకో సంగతి, డైరీని రుజువు అనుకోకండి. మన పుస్తకంలో మనం రాసుకున్నది కస్టమర్ ఒప్పుకోవాలని లేదు. ప్రూఫ్ మీద వాళ్ల సంతకం ఉంటేనే లెక్క. ఆకుపచ్చ లేబుళ్ల గొడవకు అసలు మందు అదే. డైరీ చేసిందల్లా, సంతకం లేకుండా ఎన్నిసార్లు మెషిన్ ఎక్కించానో చూపించడం.

ఒకసారి నోటుబుక్కు కౌంటర్ మీదే మర్చిపోయాను. మా దగ్గర పనిచేసే అతను తనగురించి రాసిన వాక్యం చదివాడు. "బద్ధకం" అని రాసి ఉంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. క్షమాపణ అడిగాను. అప్పటినుంచి పుస్తకం తాళం వేసిన డ్రాయర్లో ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, మనిషి ఎలాంటివాడో రాయడం మానేశాను, ఏం జరిగిందో మాత్రమే రాస్తున్నాను. "పదింటికి వచ్చాడు, వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేదట" అని రాస్తే నా ఆలోచన కూడా వేరేవైపు వెళ్తుంది.

రోజూ చేయాల్సిన పనుల జాబితా ఒక్కటే కావాలంటే ఇంత శ్రమ అక్కర్లేదు, చీటీ చాలు. వెనక్కి చదవడానికి మూడు నెలలకు ఒక పూట కేటాయించలేకపోతే మాత్రం మొదలుపెట్టమని చెప్పను. నిర్ణయాలు ఒంటరిగా తీసుకోవాల్సిన వ్యాపారమైతే, పైన అడిగేవాళ్లు ఎవరూ లేకపోతే, తప్పకుండా రాయండి. ఏడేళ్లలో నా పనికోసం కొన్నవాటిలో ఇంత మేలు చేసింది ఇంకోటి లేదు.

పదిహేనో నోటుబుక్కు పోయినవారం మొదలైంది. కటింగ్‌లో మిగిలిన కాగితంతో మా బైండింగ్ అమ్మాయే కుట్టిచ్చింది. "అడిగినవి" పేజీలో మొదటి వరుస ఆమెదే, ఆఫ్‌సెట్ మెషిన్ నేర్చుకుంటానంది. పక్కనే "సోమవారం నుంచి, రోజూ ఒక గంట" అని రాశాను. నిన్న మొదటి గంట అయింది.