అనంతపురం ఎండల్లో ఈక్యూఈ సెటప్: చాలాకాలం వాడాక

పెరోవ్‌స్కైట్ (ఒక రకం స్ఫటిక పదార్థం) సోలార్ సెల్స్ చేసే ల్యాబ్‌కు ఒక్క పరికరానికే డబ్బుంటే ఏది కొనాలని జూనియర్లు అడిగితే, నేను సోలార్ సిమ్యులేటర్ (ల్యాబ్‌లో ఎండలాంటి వెలుగు ఇచ్చే దీపం) కన్నా ముందు ఈక్యూఈ సెటప్ పేరే చెబుతాను. ఈక్యూఈ అంటే ఎక్స్‌టర్నల్ క్వాంటమ్ ఎఫిషియెన్సీ, సెల్ మీద పడిన ఒక్కో రంగు కాంతిలో ఎంత కరెంటుగా మారిందో చెప్పే లెక్క. పీహెచ్‌డీలో చేరినప్పటి నుంచీ అనంతపురంలో నా పనంతా దీనితోనే. మాది ఒకే పెట్టెలో వచ్చింది కాదు. జినాన్ ల్యాంపు, మోనోక్రోమేటర్ (కాంతిలోంచి ఒక్కో రంగును వేరు చేసేది), చాపర్ (కాంతిని ఆపుతూ వదులుతూ తిరిగే చక్రం), లాక్-ఇన్ యాంప్లిఫైయర్ (ఆ లయలో వచ్చే సిగ్నల్‌నే పట్టుకునేది), పడే కాంతిని కొలవడానికి క్యాలిబ్రేట్ చేసిన సిలికాన్ ఫోటోడయోడ్ విడివిడిగా తెప్పించి బల్ల మీద బిగించుకున్నాం.

మామూలు స్పెక్ట్రోమీటర్ అయితే ఫిల్ము ఎంత కాంతిని పీల్చుకుందో చెప్పి ఊరుకుంటుంది. ఈక్యూఈ లాంటి యాక్షన్ స్పెక్ట్రోస్కోపీ ఆ కాంతి చేసిన పనిని కొలుస్తుంది. సోలార్ సెల్‌లో పని అంటే కరెంటే కదా. ఒక్కో రంగు కాంతిని వేస్తూ, పడిన వంద ఫోటాన్లకు ఎన్ని ఎలక్ట్రాన్లు బయటి తీగలోకి వచ్చాయో లెక్కిస్తే ఈక్యూఈ వచ్చేస్తుంది.

దీని అసలు బలం గ్రాఫు ఆకారంలో ఉంది. మిథైల్ అమ్మోనియం లెడ్ అయోడైడ్ అనే పెరోవ్‌స్కైట్‌తో చేసిన సెల్‌కు 780 నానోమీటర్ల దగ్గర గీత పైకి లేస్తుంది. నీలికాంతి అద్దం పక్కనే, కొద్ది మందంలోనే ఆగిపోతుంది. ఎర్రకాంతి వెనకదాకా పోతుంది. కాబట్టి నీలి వైపు గీత కుంగితే అద్దం వైపు ఉండే టైటానియం ఆక్సైడ్ పొర దగ్గర ఛార్జీలు ఒకదానితో ఒకటి కలిసి వృథా అవుతున్నాయనో, హోల్స్ (ఎలక్ట్రాన్లు వదిలిన ఖాళీలు, అంటే పాజిటివ్ ఛార్జీలు) వెనక కాంటాక్టుదాకా చేరడం లేదనో అనుమానించాలి. ఎరుపు వైపు కుంగితే ఫిల్ము పలుచనైనా అయ్యుండాలి, వెనక పుట్టిన ఎలక్ట్రాన్లు దారిలోనే పోతూనైనా ఉండాలి. ఈ రెంటిలో ఏదో తేల్చుకోవడానికి నేను వెనక బంగారు పూతను కాంతి దూరేంత పలుచగా వేసి, అదే సెల్‌ను రెండు వైపుల నుంచీ కొలుస్తాను. జె-వి కర్వ్ (వోల్టేజీని బట్టి కరెంటు ఎలా మారుతుందో చూపే గీత) ఎంత బాగున్నా ఈ సంగతి దానికి అందదు.

సిలికాన్ ప్యానెళ్ల దగ్గర పనిచేసి వచ్చినవాళ్లు మాత్రం ఇక్కడ విసుక్కుంటారు. ఎన్.పి.కుంట సోలార్ పార్కు నుంచి వచ్చిన ఒక తమ్ముడు, "చాపర్ స్పీడు మారిస్తే ఈక్యూఈ మారడమేందన్నా?" అన్నాడు. పెరోవ్‌స్కైట్‌లో ఎలక్ట్రాన్లతో పాటు అయాన్లు కూడా కదులుతాయి, అదీ సెకన్ల లెక్కన, నింపాదిగా. స్కాన్ నడుస్తుండగానే సెల్ లోపలి విద్యుత్ క్షేత్రం మారిపోతుంది. అందుకే ఒకసారి నీలం నుంచి ఎరుపుకు, వెంటనే ఎరుపు నుంచి నీలానికి స్కాన్ చేస్తాను. రెండు గీతలూ కలవకపోతే ఆ డేటా పక్కన పెట్టేయడమే. తెల్లని బయాస్ లైటు (కొలిచేటప్పుడు ఎండ బదులు సెల్ మీద అదనంగా వేసే వెలుగు) లేకుండా కొలిచిన ఈక్యూఈని కూడా నేను పెద్దగా నమ్మను. మోనోక్రోమేటర్ నుంచి వచ్చే సన్నని వెలుగులో సెల్ ప్రవర్తన వేరు, నిండు ఎండలో వేరు.

ఎల్ఈడీ వెలుగును రకరకాల ఫ్రీక్వెన్సీల్లో ఊగిస్తూ కరెంటు ఎంత ఆలస్యంగా స్పందిస్తుందో చూసే ఐఎంపీఎస్ పద్ధతి కూడా ఇదే బల్ల మీద చేస్తున్నాం. అందులో వచ్చే కాలాన్ని ఛార్జీల ప్రయాణ సమయమని రాసేయడం చాలామందికి అలవాటు. చాలాసార్లు అది సెల్ కెపాసిటెన్స్, సిరీస్ రెసిస్టెన్స్ కలిసి పెట్టిన ఆలస్యమే. సెల్ వైశాల్యం తగ్గించి మళ్లీ కొలిచినప్పుడు ఆ కాలం కూడా తగ్గిపోతే ఛార్జీల ప్రయాణం గురించి మాట్లాడకపోవడం మంచిది.

ఫెమ్టోసెకండ్ పల్సులతో కరెంటును కొలిచే టూ-డీ యాక్షన్ స్పెక్ట్రోస్కోపీ మా స్థోమతకు అందేది కాదు. అక్కడ కూడా విడివిడిగా పుట్టిన ఛార్జీలు తర్వాత తీరిగ్గా కలిసి అసలు సిగ్నల్‌లాగే కనిపించే తలనొప్పి ఉంది.

ఇక రోజువారీ బాధలు. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులైట్ల మిణుకు 100 హెర్ట్జ్. చాపర్‌ను వాటికీ వాటి గుణిజాలకూ దూరంగా పెట్టాలి. ల్యాంపు వేసిన అరగంటకు గానీ నిలకడగా వెలగదు. ఉగాది దాటాక కరెంటు పోయిందంటే ఆ అరగంట మళ్లీ మొదటికొస్తుంది. అందుకే యూపీఎస్ లేకుండా దీన్ని వాడమని ఎవరికీ చెప్పను. వానల్లేక రైతులు అల్లాడే ఊళ్లో ఆ పొడిగాలి మా ఫిల్ములకు కలిసొస్తోంది, చెప్పుకోవడానికే ఏదోలా ఉంటుంది. తేమ తగిలితే ఇవి పసుపు రంగు లెడ్ అయోడైడ్‌గా మారిపోతాయి మరి.

మాకు మోనోక్రోమేటర్ అమ్మినవాళ్లు ఆర్డర్ సార్టింగ్ ఫిల్టర్లు ఇవ్వలేదు. అడిగితే అవి వేరే బిల్లన్నారు. అవి లేకపోతే 800 దగ్గర పెట్టిన గ్రేటింగ్ నుంచి 400 నానోమీటర్ల కాంతి కూడా వచ్చేస్తుంది. బ్యాండ్‌గ్యాప్ దాటాక, అంటే సెల్ పీల్చుకోలేని కాంతి దగ్గర కూడా సెల్ కరెంటు ఇస్తున్నట్టు గ్రాఫులో కనిపిస్తుంది. కొనేవాళ్లు కొటేషన్‌లోనే ఫిల్టర్లు, బయాస్ లైటు, స్పేర్ ల్యాంపు రాయించుకోండి. క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ మీద తేదీ చూశాకే బిల్లు పాస్ చేయించండి.