పార పనా, ఖాతాలో పైసలా: కొలువు పోయినప్పుడు ఏది మేలు?

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. నేను ప్రైవేటు బడిలో లెక్కల సారును. ఏప్రిల్ నుంచి జీతం బందయింది. హనుమకొండలో అద్దె గది ఖాళీ చేసి, నర్సంపేట దగ్గరి మా ఊరికి వచ్చేశాను. ఆ ఏడాదిన్నరలో సర్కారు సాయం మూడు తీర్లుగా మా ఇంటికొచ్చింది.

ముందు వచ్చింది రేషన్: తెల్లకార్డు మీద మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు. నెల గడవడానికి ఆ పైసలు చాలవు. కానీ అంత తొందరగా ఇంకేదీ రాలేదు. కార్డుంటే చాలు, ఎవరి చుట్టూ తిరగనక్కర లేదు.

తర్వాత ఉపాధి హామీ పని. 2006లో ఈ పథకం మొదలైన తొలి విడత జిల్లాల్లోనే వరంగల్ ఉంది. అమ్మ జాబ్ కార్డులో నా పేరు కూడా ఉండటంతో చెరువు పూడిక పనికి పోయాను. పొద్దున ఆరింటికే మట్టి మీద ఉండాలి. మొదటి రోజు నేను గడ్డపార పట్టిన తీరు చూసి, నా దగ్గర చదివిన పిల్లవాడి తల్లి, 'సారూ, గట్ల పడితే బొబ్బలు లేస్తయ్, ఇటియ్యుండ్రి' అని గుంజుకుని చేతికి తట్ట ఇచ్చింది. సిగ్గు రెండు రోజుల్లో పోయింది, బొబ్బలు మాత్రం పోలేదు.

ఆ ఏడు రోజు కూలి రేటు 237 రూపాయలు. అయితే అది పూర్తిగా చేతికి రావాలంటే తవ్విన మట్టి కొలతకు సరిపోవాలి. మా గుంపుకు ఏ వారమూ సరిపోలేదు. పైసలు పదిహేను రోజుల్లో పడాలని చట్టం, మాకు నెల దాటింది. ఇంకో చిక్కు నాకు ఆలస్యంగా తెలిసింది. అప్పట్లో ఏడాదికి 100 రోజుల పని మనిషికి కాదు, ఇంటికి. నేను పోయిన ప్రతి రోజూ అమ్మ రోజుల్లోంచి తరుగే.

2021 ఏప్రిల్‌లో ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల సన్నబియ్యం ఇస్తామన్నారు. రెండు వేలంటే తొమ్మిది రోజుల కూలి కూడా కాదు. అయినా ఒళ్లు అలవకుండా వస్తాయి కదా అనుకున్నాను. తీరా చూస్తే అంతా లిస్టు మీదే నడిచింది. బడివాళ్లు మొదట పంపిన జాబితాలో నా పేరు లేదు, తిరిగి తిరిగి ఎక్కించుకున్నాను. ఇంట్లో ట్యూషన్లు చెప్పుకునేవాళ్లకు ఏ జాబితా కూడా లేదు. నగదు సాయంలో టెన్షన్ అంతా ఇక్కడే. 1931లో బ్రిటన్‌లో నిరుద్యోగులకు డబ్బు ఇచ్చే ముందు ఇంట్లో ఎవరి సంపాదన ఎంతని అధికారులు ఆరా తీసేవాళ్లు. అక్కడి జనం దాన్ని ఏళ్ల తరబడి తిట్టుకున్నారు.

అప్పటి ఆర్థిక మాంద్యంలోనే అమెరికా మన ఉపాధి హామీకి దగ్గరి దారి పట్టింది. 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పెట్టిన డబ్ల్యూపీఏ అనే ఉపాధి పథకం కింద ఎనిమిదేళ్లలో 85 లక్షల మంది పనిచేశారు. ఎక్కువ మంది రోడ్లు, వంతెనల వంటివే కట్టారు. కానీ టీచర్లకు చదువు చెప్పే పని, చిత్రకారులకు బొమ్మలేసే పని, సంగీతం వచ్చినవాళ్లకు కచేరీలు కూడా ఇచ్చారు. మన మస్టర్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో, మట్టి పని తప్ప నాకు చోటు లేదు.

నన్నడిగితే, కొలువు పోయిన మొదటి రెండు నెలలు లిస్టులు గట్రా లేకుండా బియ్యం, పైసలే మేలు. ఆకలి మీదున్నవాణ్ణి కొలతలు అడగొద్దు. ఆ తర్వాత కూడా కొలువు దొరక్కపోతే, పనే మేలు. రెండు వేల కోసం బడివాళ్ల చుట్టూ తిరిగినప్పుడు పడ్డ చిన్నతనం చెరువులో పడలేదు. కాకపోతే కూలి వారం వారం పడాలి, పని చేతనైనది కావాలి. ఆ ఎండాకాలం మా వాడలో ఫోన్ లేక ఆన్‌లైన్ క్లాసులు వినలేని పిల్లలు ఎంతో మంది. వాళ్లను వేపచెట్టు కింద కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పమని మస్టర్‌లో రాసి ఉంటే, అదే 237కి రోజూ పోయేవాణ్ణి.