గంట జాజ్ సాధన: ముక్కలుగా పంచాలా, ఒక్క ట్యూన్ మీదే పెట్టాలా?

గంటను నాలుగు పావుగంటలు చేస్తే స్కేళ్లు (స్వరాల వరుసలు), కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాలు), రికార్డు విని సోలో పట్టుకోవడం, ట్యూన్ అన్నీ రోజూ చేతిలో ఆడతాయి. కొత్తవాళ్లకు ఇదే మంచిది. చిక్కల్లా విని పట్టుకోవడంలోనే: నాలుగు బార్లు (నాలుగేసి బీట్ల ముక్కలు) కుదిరేలోపు పావుగంట అయిపోతుంది. దానికి మాత్రం అరగంట ఇచ్చి, ఆ రోజుకి స్కేళ్లు మానేయండి.

బ్యాండుతో వాయించేవాళ్లకు నా ఓటు రెండో పద్ధతికే, అంటే గంటంతా ఒక్క ట్యూన్‌కే. ఈ వారం ట్యూన్ ఎఫ్ కీలో (ఎఫ్ ఆధార స్వరంగా) 12 బార్ల బ్లూస్ అనుకోండి. ముందు మెలొడీ పాడాలి, ఆ తర్వాతే వాయించాలి. ఆపైన ప్రతి కార్డ్‌లో మూడో, ఏడో స్వరాలు మాత్రమే. ఎఫ్7 కార్డ్ నుంచి బీ ఫ్లాట్7కి మారగానే ఈ ఫ్లాట్ (E♭) స్వరం అర మెట్టు దిగి డీ (D) అవుతుంది, ఏ (A) స్వరం దిగి ఏ ఫ్లాట్ (A♭) అవుతుంది. ఆ దిగుడు చెవికి అందితే, వెనక పియానో లేకపోయినా మీ సోలోలో కార్డ్ మార్పు వినిపిస్తుంది! మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) 60 మీద పెట్టి, ఆ దెబ్బల్ని ప్రతి బార్‌లో 2, 4 బీట్లుగా లెక్కపెట్టండి. అప్పుడు ట్యూన్ అసలు వేగం నిమిషానికి 120 బీట్లు.

దీని లోపం, వేళ్లు ఒక్క కీకే అలవాటుపడటం. గాయని ఈ ఫ్లాట్ (E♭) కీలో అడిగితే తడబాటే. అందుకే గురువారం నుంచి రోజుకో కొత్త కీ, ట్యూన్ వేగం 120 నుంచి 80కి తగ్గించి.