వాలు చెలకలో వాననీటిని నిలిపే సేవ: రెండు వానకాలాల తర్వాత నా అంచనా

దేవరకొండకు దగ్గరలో, డిండి వాగు వైపు వాలి ఉన్న మా నాలుగెకరాల ఎర్రచెలకలో వరద పారకాన్ని అదుపు చేయడానికి, సిమెంటు కట్టడాలతో కాక గడ్డి, చెట్లు, కందకాలతో నేలను బాగుచేసే ఒక చిన్న సంస్థను రెండేళ్ల కిందట పిలిపించాను. మొదటి ఏడాదే రాసి ఉంటే ఈ సమీక్షలో కోపమే ఎక్కువగా ఉండేది కనుక, రెండో వానకాలం కూడా గడిచేదాకా ఆగాను.

పెద్ద వాన పడితే మా చెలక మీది నుంచి ఎర్రనీళ్లు ఒర్రెలోకి, అంటే పక్కనున్న చిన్న వాగులోకి, దూకేవి. గంట తిరగకముందే నేల మళ్లీ పొడిబారేది. మొక్క లేని చెలక మీద చినుకుల దెబ్బకు మట్టి పలుకులు విడిపోయి, సన్నని రేణువులు సందులను పూడ్చేస్తాయి. ఆరాక పైన పెంకు కడుతుంది. ఆ పెంకు మీద తర్వాతి వాన ఇంకదు, జారిపోతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీరు కాబట్టి, 50 మిల్లీమీటర్ల వాన ఎకరానికి సుమారు 2 లక్షల లీటర్లు కురిపిస్తుంది. అంతకుముందు చూసిన ఒక కాంట్రాక్టరు దీనికి సిమెంటు కాలువ తవ్విస్తే చాలన్నాడు. ఆ నీళ్లు ఇంకా వడిగా దిగువ రైతు చేనులో పడతాయన్నది ఆయనకు పట్టలేదు.

ఈ సంస్థవారు రోహిణి కార్తెకు ముందే వచ్చారు, కానీ మొదటి రోజు గడ్డపార పట్టలేదు. మూడు కర్రలతో చేసిన చట్రానికి నడుమ దారంతో రాయి వేలాడదీసి, ఒకే ఎత్తులో ఉన్న చోట్లను గుర్తిస్తూ సున్నంతో గీతలు గీశారు. వారి పనిలో నాకు బాగా నచ్చింది ఇదే. ఆ గీతల వెంబడి వాలుకు అడ్డంగా కందకాలు తీసి, మట్టిని దిగువ వైపు గట్టుగా పోసి, గట్టు మీద వట్టివేరు నాటారు. కందకాల నడుమ కానుగ, వేప, సీతాఫలం పెట్టారు. బాలానగర్ రకం పుట్టిన పాలమూరు పక్కనే ఉండగా సీతాఫలం కోసం వేరే జిల్లా నర్సరీకి ఎందుకు వెళ్లారో మాత్రం నాకు అర్థం కాలేదు. ఒర్రెలో మెట్లుమెట్లుగా వదులు రాళ్లతో అడ్డుకట్టలు వేశారు.

లోపం అడుగున ఉన్న నీటి కుంట దగ్గర బయటపడింది. మిగులు నీరు పోవడానికి మత్తడిని రాతితో కట్టకుండా మట్టిలోనే చిన్న గండిలా వదిలేశారు. మొదటి ఏడాది పెద్ద వానకు ఆ గండి కోసుకుపోయి కట్ట తెగింది. ఫోను చేసిన పదకొండు రోజులకు వచ్చారు, అదనపు సొమ్ము అడగకుండా రాతి మత్తడి కట్టి వెళ్లారు. మొక్కల సంగతి ఇంకా నిరాశ కలిగించింది: 200 మొక్కల్లో 90 దాకా మొదటి ఎండాకాలంలోనే చచ్చాయి, ఎందుకంటే నీళ్లు పోసే బాధ్యత ఒప్పందంలో లేదు. ఆ మాట కాగితం మీద రాయించుకోకపోవడం నా తప్పు కూడా.

వారి కరపత్రంలో ఈ పనితో బోరు నీటిలో ఫ్లోరైడ్ పోతుందని ఉంది. నల్లగొండవాళ్లకు అలాంటి మాట చెప్పేముందు జాగ్రత్త అవసరం. ఫ్లోరైడ్ ఇక్కడి గ్రానైట్ రాతి పొరల్లోని ఖనిజాల నుంచే నీటిలోకి వస్తుంది. వాననీరు ఇంకితే కొన్నిచోట్ల గాఢత తగ్గవచ్చునేమో గానీ, పరీక్ష చేయించకుండా ఆ నీరు తాగకూడదు.

రెండో వానకాలంలో ఒర్రెలోకి దిగిన నీరు మునుపటంత ఎర్రగా లేదు, వాన వెలిసిన మరునాడు కూడా సన్నగా పారింది. బోరు బలపడిందని ఇరుగుపొరుగు అంటున్నారు గానీ, ఈ రెండేళ్లూ వానలు బాగానే పడ్డాయి కాబట్టి ఆ పేరంతా కందకాలకే కట్టబెట్టను. నేను 5కు 3.5 ఇస్తాను, తగ్గించిన మార్కులన్నీ మత్తడికీ, మొక్కలకూ సంబంధించినవే. అర్హత ఉన్న చిన్న, సన్నకారు రైతులు ముందుగా ఉపాధి హామీ పథకం కింద కందకాల పని దొరుకుతుందేమో గ్రామపంచాయతీలో అడిగి, అది కుదరకపోతేనే ఇలాంటి సేవకు డబ్బు పెట్టాలని నా సలహా. పెట్టేటప్పుడు రాతి మత్తడిని, మొదటి రెండు ఎండాకాలాల నీటి తడులను ఒప్పందంలో రాయించుకోవాలి.

కందకాల్లో ఇప్పటికి జానెడు ఒండ్రు చేరింది. దాన్ని ఎత్తి పైచెలకలో చల్లడానికి సంస్థవారు విడిగా రేటు చెప్పారు. ఆ పని మాత్రం ఊళ్లో కూలీలను పెట్టి నేనే చేయిస్తున్నాను.